పొడి పైన చల్లినారు, పురుగులు కింద ఉండినాయి

పట్టుపురుగుల పనిలో చేరే పిల్లలకు శిక్షణలో అన్నీ చెబుతారు. ఆకు ఎప్పుడు కోయాలో, తట్ట ఎట్ల కడగాలో, పెద్దాఫీసరు వస్తే ఏ పక్క నిలబడాలో చెబుతారు. గబ్బిలాల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అందుకని నేను చెబుతున్నాను. ఉద్యోగంలో నాకు కోపాలు చాలా వచ్చినాయి. చాలావరకు బదిలీ అయిన ఊళ్ళోనే వదిలేసి వచ్చినాను. ఇదొక్కటి నాతో పాటే రిటైరైంది.

ఇంకో మాట. మాది తమిళనాడు, ఆఫీసు రాతలన్నీ జీవితమంతా తమిళంలోనే రాసినాను. తమిళంలో నాకు వినయం బాగా కుదురుతుంది. తిట్టాలంటే మాత్రం ఇంటి భాష కావాల. మా ఇళ్ళల్లో తెలుగు అందరూ మాట్లాడతారు, రాసేవాళ్ళు తక్కువ. నేను కూడా ఉద్యోగంలో చేరినాక, ధర్మపురికీ హరూరుకూ మధ్య బస్సుల్లో కూర్చొని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణే. తప్పులుంటే దిద్దండి. కోపాన్ని మాత్రం దిద్దొద్దు.

ఉద్యోగం అసలు ఏందంటే

ఎనభైల్లో మారండహళ్ళి చుట్టుపక్కల రాగి, చెరకు వేసేవాళ్ళు చాలామంది మల్బరీకి మళ్ళినారు. అక్కడ ఒక ఊళ్ళో ఉండింది మా చాకీ కేంద్రం. పట్టుపురుగు గుడ్డులోనుంచి వచ్చినప్పుడు వెంట్రుక తునకంత ఉంటుంది. ఆ వయసులో దాన్ని రైతు ఇంట్లో పెంచడం కష్టం. కాబట్టి మేమే లేత ఆకు తరిగి వేసి, రెండో జ్వరం దాకా పెంచి, తట్టల్లో పెట్టి రైతులకు ఇస్తాము. ఈ పసివయసు పెంపకాన్నే చాకీ అంటారు.

జ్వరం అన్నానని భయపడొద్దు. పురుగు పాత చర్మం విడిచేముందు మేత మానేసి, తల పైకెత్తి, ఒక రోజంతా ఉలకదు పలకదు. దానికి మా వాళ్ళు పెట్టిన పేరు జ్వరం. ఆఫీసులో అదే పని ఏడాదంతా చేసేవాళ్ళను సీనియర్లు అంటారు.

నా ఉద్యోగం పేరు డెమాన్‌స్ట్రేటర్. అంటే చేసి చూపించేవాడు. మా కేంద్రంలో పనిచేసేది ఆకు కోసే ఆడవాళ్ళు, అధికారులకు చూపించేది కేంద్రం పెద్ద, మా సారు. చెయ్యడానికీ చూపించడానికీ నడుమ నాకు మిగిలింది సోడాలు తేవడం. అప్పటికి నేను కుర్రవాణ్ణి, పర్మనెంటు కాలేదు, నోరు మాత్రం పుట్టినప్పుడే పర్మనెంటు.

కప్పులో కాపురం

మా కేంద్రానికి పెంకుల కప్పు. పెంకుల కింద చెక్క పలకల సీలింగు. ఆ రెంటికీ నడుమ గబ్బిలాలు కాపురం ఉండినాయి. చింతచెట్లకు తలకిందులుగా వేలాడే పెద్దవి కావు. ఇవి చిన్న గబ్బిలాలు, బొటనవేలంత ఒళ్ళు, మీ ఇంటి బోర్డు వెనక, గోడ చీలికలో, ఎక్కడ సందుంటే అక్కడ సర్దుకుపోయే రకం. పొద్దు కుంకగానే గోడ అంచు నుంచి ఒక్కొక్కటే జారి పడినట్టు బయటికి వచ్చేవి. నేల తగిలే లోపల రెక్క విప్పుకొనేవి. మొదటి వారమంతా ప్రతిదాన్నీ చూసి ‘ఇది చచ్చింది’ అనుకున్నాను. ఒక్కటీ పడలేదు.

వీటి తిండి పురుగులే. దోమలు, చిన్న పెంకు పురుగులు, వానకు లేచే ఉసుళ్ళు, రెక్కల పురుగులు. మా మల్బరీ తోట మీద సాయంత్రం తిరిగేవి. తోటను అవే కాపాడినాయని నేను చెప్పను. అంత లెక్క నేను చూడలేదు, చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం మా సారు పని. నేను చూసిందేమంటే వాటి పెంటిక. ఎలక పెంటికలాగే ఉంటుంది, వేళ్ళతో నలిపితే పొడిపొడిగా రాలిపోతుంది, అందులో మెరిసే రెక్కల తునకలు కనబడతాయి. కొత్తగా చేరినవాళ్ళు ముందు ఈ తేడా నేర్చుకోండి. ఎలక ఉంటే నిజంగా భయపడాల, అది మన పురుగుల్ని బుట్టలు బుట్టలుగా తినేస్తుంది. గబ్బిలం ఎగిరేదాన్ని గాలిలోనే పట్టుకుంటుంది. మన పట్టుపురుగు పక్క ఆకు మీదికి పోవడానికే ఆలోచిస్తుంది.

జనానికి ఈ తేడా అక్కర్లేదు. గబ్బిలం చెవిలో దూరుతుంది, జుట్టులో చిక్కుతుంది, ఇంట్లో చేరితే ఇల్లు పాడు. పాపం అంత పొట్టి ప్రాణానికి అన్ని పనులు ఒప్పచెప్పినారు. ఒకసారి ఒకాయన కేంద్రానికే వచ్చినాడు.

“రెండు గబ్బిలాయిలు పట్టియ్యి సార్. పిల్లోడికి ఆయాసం, ఉడకబెట్టి ఇయ్యాల.”

“తింటే పోతాదా?”

“పోతాదంట.”

“మరి గబ్బిలాయికి ఆయాసమొస్తే అది ఎవర్ని తింటాది?”

ఆయన నవ్వలేదు. వేరే ఊళ్ళో పట్టుకొని వండి పెట్టినాడు. పిల్లోడి ఆయాసం అట్లనే ఉండింది. చివరికి ధర్మపురి పెద్దాసుపత్రికి బస్సెక్కించినారు. చచ్చిన గబ్బిలాలకు ఎవరూ సంజాయిషీ చెప్పుకోలేదు. చట్టం కూడా చెప్పలేదు. పళ్ళు తినే గబ్బిలాన్ని అప్పటి చట్టం ఎవరైనా చంపొచ్చనే పట్టీలో, ఎలక పక్కన, కాకి పక్కన కూర్చోబెట్టింది. పురుగులు తినేది ఒకటి ఉందనే సంగతి అప్పటికి చట్టం చెవిన పడినట్టే లేదు.

ఐదు గంటలు, ఆరున్నర

పెద్దాఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. తన చేత్తో రైతులకు చాకీ తట్టలు పంచుతాడు, ఫోటో తీస్తారు. మా సారు కేంద్రమంతా తిరిగి చూసి, చివరికి తల పైకెత్తినాడు. సున్నం కొట్టిన పలకల మీద నల్ల చుక్కలు. కొంచెం వాసన.

“తంబీ, పైనుండేవాళ్ళను ఖాళీ చేయించు” అన్నాడు.

“చేయిద్దాం సార్. ఇప్పుడు పిల్లలు పెట్టి ఉన్నాయి. కొన్ని వారాలు ఆగితే పిల్లలకూ ఎగరడం వస్తుంది. అప్పుడు ఒక సాయంత్రం అన్నీ బయటికి పోయినాక సందులు పూడిపించేస్తే సరి. ఇంకో చోటు అవే వెతుక్కుంటాయి.”

“సాయంత్రమంటే ఎన్నింటికి?”

“ఆరున్నరకు.”

“పనివాళ్ళు ఐదుకే పోతారు కదా.”

“గబ్బిలాలు ఆరున్నరకు పోతాయి సార్.”

“ఐదు లోపల వాటిని పంపించే దారి చూడు.”

ఆయన తమాషాకు అనలేదు. ఆయనకు తమాషా తెలియదు. ప్రభుత్వం ఐదు గంటలకు తలుపు వేస్తే సూర్యుడు కూడా సర్దుకోవాలని నిజంగా నమ్మిన మనిషి.

నా మాట నెగ్గలేదు. మేస్త్రీ పగలు పది గంటలకు వచ్చి, బయట సందులన్నిటికీ సిమెంటు పూసినాడు. పగలు పది గంటలకు గబ్బిలాలు ఎక్కడుంటాయో అడగక్కర్లేదు. ఒక్కటి తప్పకుండా అన్నిటినీ లోపల పెట్టి మూసినాము. బయటికి పంపాల్సినవాళ్ళను లోపల పెట్టి తాళం వేసుకున్న ఇల్లు మాదొక్కటే అనుకున్నాను. తర్వాత బదిలీల మీద తిరిగినప్పుడు స్కూళ్ళల్లో, ఆసుపత్రుల్లో, గోడౌన్లలో అదే పని చూసినాను. ఎక్కడ చూసినా కారణం ఒకటే. కూలీ పగలు దొరుకుతుంది. ఈ దేశంలో గబ్బిలాలు ఎన్ని చచ్చినాయో నాకు తెలియదు గానీ, అందులో పెద్ద వంతు ఆఫీసు టైములోనే చచ్చినాయి.

పైన, కింద

మూసినాక పలకల పైన గోల మొదలైంది. గీరడం, కీచుమనడం. గబ్బిలాలు అంత గట్టిగా అరుస్తాయని అప్పటిదాకా నాకు తెలియదు. పెద్దాఫీసరు ఉపన్యాసంలో కప్పు కీచుమంటే ఎట్ల? సారు మారండహళ్ళి నుంచి బీహెచ్‌సీ పొడి తెప్పించినాడు. చేలల్లో పురుగులు చావడానికి చల్లుతారే, ఆ తెల్ల పొడి.

“సార్, ఇది పురుగుల్ని చంపే పొడి” అన్నాను.

“అవును.”

“మనం పెంచేది పురుగుల్ని సార్.”

సారు నన్ను జాలిగా చూసినాడు. చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పినాడు: “పొడి పైన చల్లుతారు. పురుగులు కింద ఉన్నాయి.”

తట్టల మీద పాత పంచెలు కప్పుతాము, ఇంకేం కావాలన్నాడు. నేను మళ్ళీ నోరు తెరిచేలోపల, “నువ్వు పాలక్కోడు పోయి తట్టల్లో పరిచే మైనపు కాగితం తీసుకురా” అని బస్సెక్కించినాడు. కేంద్రంలో మైనపు కాగితం కట్టలు కట్టలుగా ఉండింది.

నేను తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. పొడికి హోదా తెలియదు. పైన చల్లితే కిందికి వచ్చింది. పలకల సందుల్లోనుంచి రాలి పంచెల మీద, ఆకు గది గోడల మీద, నేల మీద సన్నగా పరుచుకొని ఉండింది. చల్లిన ఆడవాళ్ళు దగ్గుతా మొహాలు కడుక్కుంటా ఉండినారు. వాళ్ళ ముక్కుకు గుడ్డ ఇచ్చినవాడు లేడు, పంచెలన్నీ తట్టలకు కప్పినారు కదా. పలకల్లోంచి జారిన గబ్బిలాలు నేల మీద రెక్కలు ఈడుస్తా ఉండినాయి. ఆకు బుట్టలో ఒక తల్లి పడి ఉండింది, పొట్టకు పిల్ల అంటుకొని. తల్లి చచ్చింది, పిల్ల ఇంకా పాలు లాగతా ఉండింది. దీని మీద నేను ఒక జోకు వేయాలని చూసినాను. రాలేదు. ఇప్పుడు కూడా రావడం లేదు.

పురుగులు మాత్రం చక్కగా ఉండినాయి. ఎందుకుండవు? అవి రెండో జ్వరంలో ఉండినాయి. మేత లేదు, కదలిక లేదు. బతికినదీ, చావబోయేదీ ఒకేలా తల ఎత్తి కూర్చొని ఉంటాయి. జ్వరం విడిచి ఆకు కొరికితేనే విషం సంగతి తెలిసేది.

“సార్, ఒక్క పూట ఆగుదాం. ఒక తట్ట జ్వరం లేస్తానే ఆకు వేసి చూసి, తర్వాత పంచుదాం.”

“పెద్దాఫీసరు రేపు వస్తాడు. పురుగుకు జ్వరం, మీరు ఎల్లుండి రండి అని చెప్పమంటావా?”

మరునాడు దండలు, సోడాలు, ఫోటోలు అన్నీ జరిగినాయి. తట్టలు అందుకున్నవాళ్ళలో రత్నక్క ఒకామె. మా వైపు తెలుగువాళ్ళే, పక్క పల్లె. భర్త హోసూరులో ఫ్యాక్టరీ పని, ఆదివారానికి వస్తాడు. రాగి చేను తీసేసి మల్బరీ పెడతానని ఇంట్లో అందరితో పోట్లాడి పెట్టింది. ముఖ్యంగా మరిది మాదేశుతో. చివరికి ఇంట్లో మాట తెగింది: వరసగా రెండు పంటలు చూస్తారు, ఒకటన్నా చేతికి రాకపోతే మల్బరీ పీకి మళ్ళీ రాగి. ఇది ఆ రెంటిలో మొదటిది.

గేటు దగ్గర ఆమెను ఆపి, “అక్కా, ఆకు వేసినాక కొంచెం కనిపెట్టి చూడు” అన్నాను.

“ఎందుకప్పా, మీ పురుగులు ఆకు తినవా?” అని నవ్వింది. తట్ట నెత్తిన పెట్టుకొని పోయింది.

నేరం ఎవరిది

రెండు మూడు మేతలు తిన్నాయి. తర్వాత పురుగులు తలలు విసిరినాయి, పచ్చగా కక్కినాయి, ఒళ్ళు కురచై తట్టల్లోనుంచి జారి పడినాయి. మా దగ్గర తట్ట తీసుకున్న ప్రతి ఇంట్లోనూ అంతే. రత్నక్క వాటిని పెంటకుప్పలో వేయకుండా బుట్టలో ఎత్తుకొని కేంద్రానికి వచ్చింది. ఆమె వెనక ఇంకా చాలామంది.

సారు బుట్టలోకి వంగి చూసినాడు. చాలాసేపు చూసినాడు. ఆయన పురుగును అంతసేపు చూడడం నేను చూసింది అదే మొదటిసారి. తల ఎత్తి, “గబ్బిలాల రోగం” అన్నాడు. “వాటి పెంటిక నుంచి దిగింది. అందుకే నేను ముందుగానే వాటిని తీయించినాను. కొంచెం ఆలస్యమైపోయింది.”

ఆలస్యమైపోయింది అన్నాడు! చచ్చినవాటి మీద నేరం మోపి, తనకు ముందుచూపు కూడా ఉందని అదే మాటలో చెప్పుకున్నాడు. జనం నమ్మినారు. ఎందుకు నమ్మరు? చెవిలో దూరేది, ఇల్లు పాడుచేసేది, పంట పాడుచేయదా? పైగా సారు మాట్లాడతాడు, గబ్బిలం మాట్లాడదు.

అక్కడితో ఆగి ఉంటే నేను కూడా ఈ పాటికి మరిచిపోయి ఉండేవాణ్ణేమో. మరుసటి రోజు ఊళ్ళల్లో దండోరా వేయించినాడు. ఎవరి ఇంట్లో గబ్బిలాలు ఉన్నాయో వాళ్ళు వచ్చే పంటకు ముందు కప్పులో పొడి చల్లుకోవాల. పొడి కేంద్రంలో ఉచితం. రైతు అడక్కుండానే మా కేంద్రం ఇచ్చిన వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

“సార్, ఇళ్ళల్లో పురుగులు పెంచే గదిలోనే చల్లుతారు. రెండో పంట కూడా పోతుంది.”

“రోగం కాదు, పొడే చంపింది అని నువ్వు నిరూపించగలవా?”

నేను నోరు తెరిచేలోపల, ఎంతో ప్రేమగా అడిగినాడు: “నీకు పర్మనెంటు ఆర్డరు వచ్చిందా తంబీ?”

చేసి చూపించినాను

ప్రతి పంటలోనూ కొన్ని పురుగులు వెనకబడతాయి. అందరూ జ్వరంలోకి పోతే అవి ఇంకా తింటా ఉంటాయి. వాటిని ఏరి పారేయాలని పద్ధతి. పారేయడానికి బదులు నేను అద్దెగదికి తీసుకుపోయి ఒక తట్టలో పెంచేవాణ్ణి. ఒంటరివాణ్ణి, సాయంత్రం ఇంట్లో ఎవరో ఒకరు తింటా ఉంటే బాగుంటుంది. ఈ పంటలోనూ పొడి చల్లకముందే కొన్ని తీసుకుపోయి ఉండినాను. అవే గుడ్లు, అదే తోట ఆకు. నా గది కప్పులో కూడా గబ్బిలాలు. ఆ పురుగులు బలంగా, తెల్లగా, కరకరమని తింటా ఉండినాయి.

తట్ట సైకిలు వెనక కట్టుకొని రత్నక్క ఇంటికి పోయినాను. పెంపకం గదిలో నిచ్చెన వేసి ఉండింది. పైన మాదేశు, ముక్కుకు తువ్వాలు, చేతిలో జల్లెడ, జల్లెడలో పొడి. కింద రత్నక్క తట్టలు కడుగుతా ఉండింది.

“ఏమప్పా, మొదటి పంటను చంపినారు. మిగిలినదేమన్నా ఉండాదని చూసేదానికి వచ్చినావా?”

“చంపేవాడు నిచ్చెన మీద ఉండాడక్కా. నేను ఆపేదానికి వచ్చినాను.”

“నేనా?” అన్నాడు మాదేశు తువ్వాలు లోపలినుంచి. “మీ సారు చెప్పినాడు, చల్తా ఉండా. ఆయన చెప్పిందేమో ఒకటి, నువ్వు చెప్పేదేమో ఒకటి. మీ ఆఫీసులో ముందు మీరు మాట్లాడుకోని రాండి.”

“దిగన్నా. ఒక టీ తాగేంతసేపు చూడు. తర్వాత నీ ఇష్టం.”

రెండు పళ్ళేలు అడిగినాను. రెంటిలోనూ ఆకు పరిచినాను. ఒకదాని మీద మాదేశు జల్లెడలోని పొడి, కూరలో ఉప్పు వేసినంత. రెంటిలోకీ నా పురుగుల్ని వదిలినాను. చేసి చూపించేవాడు అనే పేరుతో చేరిన ఉద్యోగంలో నేను చేసి చూపించిన మొదటి పని అది.

టీ వచ్చింది. తాగినాము. మాదేశు ఇంకో గ్లాసు కూడా తాగినాడు. ఏమీ జరగలేదు.

“బాగానే తింటా ఉండాయి కదప్పా” అన్నాడు. “మీ సారుకు నీమీద ఎందుకు కోపమో తెలస్తా ఉండాది.”

అప్పుడు పొడి పళ్ళెంలో ఒక పురుగు తల విసిరింది. పక్కది కూడా. ఒళ్ళు మెలిపెట్టుకొని, పచ్చగా కక్కి, పక్కకు ఒరిగినాయి. రెండో పళ్ళెంలో పురుగులు పక్కవాళ్ళ సంగతి పట్టనట్టు తింటానే ఉండినాయి.

రత్నక్క తట్ట కింద పెట్టి వచ్చి కూర్చుంది. పళ్ళెంలోకి వంగి చూసింది. “ఇట్లనే” అంది. “అచ్చం ఇట్లనే పోయినాయి.”

“మరి గబ్బిలాయిల రోగం?” అన్నాడు మాదేశు.

“ఇవి పెరిగింది గబ్బిలాయిల కిందనే అన్నా. నా గదికి రా, సాక్ష్యం నా చొక్కాల మీదే ఉండాది.”

రత్నక్కకు నవ్వు రాలేదు. నా వైపు తిరిగి, “బంగారం మాదిరి ఉన్న పురుగుల్ని నా ఇంట్లో పెట్టి చంపినావు కదరా” అంది. అప్పటిదాకా అప్పా, ఇప్పుడు రా.

“నోటితో చెప్తే నమ్మేదానివా అక్కా?”

“నమ్మేదాన్ని కాదు.”

“అందుకే.”

ఆమె లేచింది. “మాదేశూ, నిచ్చెన తియ్యి.”

“వదినా, మరి మల్బరీ మాట…”

“పంట పోతే నువ్వే పీకు. ఒక్క మాట అనను. పొడి మాత్రం ఈ ఇంట్లో ఉండకూడదు.”

కప్పులో గబ్బిలాల సంగతి తేల్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. తట్టల పైన గోనె పట్టాలు కట్టించినాను, పెంటిక పడకుండా. వారానికొకసారి దులిపి చేనుకు వేసుకోవచ్చు. ఇంతే. ఇంత చిన్న పని కోసమే ఒక కప్పునిండా ప్రాణాలు తీసినామని తలుచుకుంటే అప్పుడూ ఒళ్ళు మండింది, ఇప్పుడూ మండుతుంది.

తర్వాత మిగతా ఇళ్ళకు పోయినాను. పురుగులు ఉన్నంతవరకు చేసి చూపించినాను. అవి అయిపోయినాక మాటలు మిగిలినాయి. మాటలతో నమ్మినవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళను తప్పు పట్టను, నా మొహం పక్కన సారు మొహం పెడితే నేను కూడా సారునే నమ్ముతాను. కొన్ని ఇళ్ళల్లో నేను పోయేలోపలే పొడి చల్లేసినారు. ఒక ఇంట్లో గబ్బిలాల్ని చీపురుతో కొట్టి గంపలో వేసి నాకే చూపించినారు, శభాష్ అంటానని.

కొత్తగా చేరేవాళ్ళకు ఇక్కడొక మాట. అధికారికి తెలియకపోవడం తప్పు కాదు. నాకూ చాలా తెలియవు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ పడి, ఎవరో ఒక నోరులేనిదాన్ని పట్టుకొని దోషిగా నిలబెట్టేవాడితో జాగ్రత్త. ఇవాళ అది గబ్బిలం. అవి అయిపోయినాక తర్వాతి వరస పనివాళ్ళది, ఆ తర్వాత మీది. ఇంకొకటి, పైకప్పులో ఏదన్నా కనబడితే ముందు అవి ఏ వేళకు బయటికి పోతాయో, పిల్లలు ఉన్నాయో లేదో చూడండి. మీ పనివేళలు వాటికి తెలియవు. వాటి వేళలు మీరు తెలుసుకోగలరు, మీకు జీతమిచ్చేది అందుకే.

రెండో పంట

మా కేంద్రం గోడలకు పొడి పట్టుకొని ఉంది కాబట్టి రెండో పంటకు చాకీ వేరే కేంద్రం నుంచి తెచ్చి పంచినారు. మంచి పురుగులు. పొడి చల్లిన ఇళ్ళల్లో అవి కూడా అట్లనే కక్కుకొని పోయినాయి. చల్లనివాళ్ళ ఇళ్ళల్లో చంద్రికలు, అంటే గూడు కట్టడానికి పెట్టే వెదురు తడికలు ఎక్కి గూళ్ళు కట్టినాయి. రత్నక్క ఇంట్లో అయితే తట్టిచూస్తే గలగలమనే గూళ్ళు. మాదేశే వాటిని మోసుకొని తిరిగినాడు, పంట తనే పండించినట్టు. మల్బరీ పీకడం అనే మాట ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

ఈ కబురు పెద్దాఫీసరు దాకా పోయింది, మా సారు నోటి నుంచే. గబ్బిలాల రోగాన్ని తాను ఎట్ల ఆపినాడో చెప్పుకున్నాడు. పెద్దాఫీసరు మళ్ళీ వచ్చినాడు. కేంద్రం హాల్లో మీటింగు. రత్నక్కను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒళ్ళో గూళ్ళ బుట్ట పెట్టినారు. నేను సోడాలు పంచుతా ఉండినాను. సారు ఆమె దగ్గర వంగి చిన్నగా చెప్పడం విన్నాను: “అయ్యగారు అడిగితే చల్లినామని చెప్పమ్మా. నీకు మంచి జరుగుతుంది.”

పెద్దాఫీసరు ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించి చూసినాడు. “చాలా బాగా పండించినారమ్మా. ఇంట్లో గబ్బిలాలు ఉండేవంట కదా?”

“ఇప్పుడు కూడా ఉండాయి సార్.”

“పొడి చల్లినాక కూడానా?”

“నేను చల్లలేదు సార్.”

హాల్లో తలలన్నీ ఆమె వైపు తిరిగినాయి. నా చేతిలో సోడా గోలీ జారి గుర్రుమనింది.

“చల్లినవాళ్ళు గేటు బయట కూర్చోనుండారు సార్” అంది రత్నక్క. “వాళ్ళ బుట్టల్లో చూపించేదానికి ఏమీ లేదని మీ సారు లోపలికి రానియ్యలేదు. పిలవమంటారా?”

పెద్దాఫీసరు గూడు బుట్టలో పెట్టేసి మా సారు వైపు తిరిగినాడు. సారు ఆయన వైపు చూడలేక తల పైకెత్తినాడు. కొత్తగా సున్నం కొట్టిన పలకలు, సిమెంటు పూసిన సందులు. ఆయన నేరం మోయడానికి అక్కడ ఒక్క గబ్బిలం కూడా మిగల్లేదు.